నొప్పి ఎప్పుడొస్తది

స్కానింగ్‌లో ఈసారి కూడా ఏమీ కనబడలేదు. ఆ ముక్క చెప్పడానికి పెద్ద డాక్టరు పరమేశ్వర్, పిల్లల వార్డులో ఆ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. సింధూజ పొట్ట మీద రెండు వేళ్లు ఆనించి అక్కడా ఇక్కడా నొక్కి, "ఇక్కడ నొస్తుందా? ఇక్కడ?" అని అడిగాడు. ఏడేళ్ల పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆయన వెనక్కి తిరిగి, ఫైలు పట్టుకుని నిలబడ్డ చిన్న డాక్టరమ్మతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆమె కూడా ఇంగ్లీషులోనే బదులిచ్చింది. ఆయన పెదవి విరిచాడు.

మంచం కాళ్ల దగ్గర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడ్డ ఆత్మారాం ఇద్దరి నోళ్లవైపూ మార్చి మార్చి చూశాడు. అంత మాటల్లో అతనికి తెలిసింది ఒకటే. ఫాదర్.

"సార్, నా గురించి ఏమంటుండ్రు?"

"ఏం లేదయ్యా. పాపకేం లేదు. గ్యాస్. ఇంకో రోజు చూసి పంపిస్తం."

"ఏం లేకుంటె పిల్ల కడుపు పట్టుకొని గట్ల ముడుసుకపోయి ఎందుకేడుస్తది సార్?"

డాక్టరు అప్పటికే పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. చిన్న డాక్టరమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆత్మారాం వైపు కాకుండా అతని భార్య నిరోష వైపు చూసింది. నిరోష తల దించుకుని దుప్పటి అంచు సరిచేయసాగింది.

రౌండ్లు అయ్యాక ఫైళ్లన్నీ నర్సు బల్ల మీదికి చేరాయి. సింధూజ ఫైలు నీలం అట్టది. నర్సు పుష్పలత ట్రేలో సూదులు సర్దుకుంటూ ఉండగా ఆత్మారాం వెళ్లి దాని మీద చెయ్యేశాడు. ఆమె తల కూడా ఎత్తకుండా ఫైలును తన వైపు లాగేసుకుంది.

"ఫైలు ముట్టద్దన్నా."

"నా బిడ్డ ఫైలే గద."

"బిడ్డ మీదే. ఫైలు హాస్పిటల్‌ది."

అతను ఇంకేదో అనబోయేలోగా జేబులో ఫోను మోగింది. చెరకు కొట్టే మనుషుల ముకద్దం రామ్‌దాస్. సరిహద్దు అవతలి నుంచి ఏటా ముఠాను వెంటబెట్టుకుని వచ్చే మేస్త్రీ. "ఆత్మారాం భావూ, ట్రాక్టర్ కుఠం?" అంటూ ట్రాక్టరు ఎక్కడని తన భాషలో మొదలుపెట్టాడు. కొట్టిన చెరకు పొలంలో పడి ఉంది, ఎండుతున్నది, ఆడవాళ్లు ఊరకే కూర్చున్నారు, ట్రాక్టరు ఎప్పుడొస్తుందని గోల.

"దవాఖానల ఉన్న అని జెప్పిన గద!" ఆత్మారాం గొంతు వార్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వినబడింది. "నిన్న రాత్రి గూడ జెప్పిన! ఒక్కనాడు ఆగితె మునుగుతదా చెరుకు? నా మాటంటె లెక్క లేదా నీకు? వచ్చిన్నంటె ఉంటది సూడు నీకు!"

పక్క మంచం మీది పసివాడు ఉలిక్కిపడి ఏడుపు ఎత్తుకున్నాడు. నిరోష అరచేయి కిందికి ఊపుతూ ఒర్రకు, మెల్లగా అని సైగ చేసింది. అతను చూడలేదు. ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి సింధూజ మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుపోయి, గోడ వైపు తిరిగి, పొట్ట మీద రెండు చేతులూ అదుముకుని ఉంది.

"సిస్టర్!" అని కేకేశాడు. "ఉరుకుండ్రి! మళ్ల లేసింది నొప్పి! ఏం లేదన్నరు గద, సూడుండ్రి ఇప్పుడు!"

పుష్పలత వచ్చి పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. సూది వేయలేదు, గోలీ ఇవ్వలేదు. "అన్నా, మీరు జర బయటికి పోయి చాయ్ తాగి రండి," అంది.

బయట ఎండ చురుక్కుమంటోంది. దవాఖాన ముందు ఆటోలు ఒకదాని మూతి ఒకటి రాసుకుంటూ నిలబడ్డాయి. చాయ్ బండి దగ్గర ఎర్రన్న కనబడ్డాడు. కోటగిరి పక్క ఊళ్లో ఆత్మారాం ఇంటి వెనక ఇల్లే అతనిది. నిరోష కోసం జొన్నరొట్టెలు మూటగట్టుకుని బస్సు దిగి వచ్చాడు.

"ఏమంటుండ్రే?"

"ఏం లేదంటుండ్రు. గ్యాసంట."

ఎర్రన్న చాయ్ గ్లాసు పెదవుల దాకా తెచ్చి ఆపాడు. కిందటేడు అతని కొడుకు బంటి కడుపునొప్పితోనే పోయాడు. ఊళ్లో ఎవరూ ఆ మాట అతని ముందు ఎత్తరు. ఇప్పుడు అతనే ఎత్తాడు.

"మావోనికి గూడ గ్యాసే అన్నరు. వేరే దవాఖాన అనుకో. గ్లూకోజ్ ఎక్కిచ్చుకుంట కూసున్నరు. ఆఖరుకు హైదరాబాద్ తీస్కపోతె, ఆడి డాక్టరు ఈళ్ల కాయితాలు సూసి నన్నడుగుతుండు. అపెండిక్స్ అని అనుమానం ఉన్నట్టు మొదటి దినమే రాసిండ్రు గదయ్యా, నీకు తెల్వదా అని. నాకెట్ల తెలుస్తది? కాయితం ఆళ్ల కాడ, పిలగాడు నా కాడ."

తాగని చాయ్‌ను పక్కనున్న మోరీలో పారబోసి గ్లాసు బండి మీద పెట్టాడు.

"మందులడుగకు ఆత్మారాం. కాయితాలడుగు."

ఆత్మారాంకు ఇక కాలు నిలవలేదు. మెట్లు రెండేసి ఎక్కుతూ పైకి వెళ్లాడు. పెద్ద డాక్టరు గది ముందు వరసలో కూర్చున్న వాళ్లను దాటుకుని తలుపు తోశాడు.

"సార్, నా బిడ్డ కాయితాలు నాకు సూపియ్యుండ్రి."

పరమేశ్వర్ ఎవరి బిడ్డ ఛాతీ మీదో పెట్టిన గొట్టం తీయకుండానే, "నీకు ఇంగ్లీషొచ్చా?" అన్నాడు.

"రాదు."

"మరి చూసి ఏం చేస్తవ్?"

"వచ్చినోనితోని సదివిచ్చుకుంట."

"వాడొకటి చెప్తడు, నీకొకటి అర్థమైతది, రేపు పదిమందిని వెంటేసుకొని వచ్చి నా అద్దాలు పగలగొడ్తవ్. చూసిన్నయ్యా ఇసొంటివి. పాపకేం లేదని చెప్తున్న గద. నమ్ము."

"మా ఎర్రన్న గూడ నమ్మిండు సార్! నమ్మితె ఏమైంది? పిలగాన్ని మట్టిల పెట్టి వచ్చిండు! ఏం రాసుకున్నరో నాకు తెల్వాలె! నా గురించి ఏమన్నరో తెల్వాలె!"

గొట్టం కింద ఉన్న పిల్లాడు బెదిరిపోయి తల్లి మెడ పట్టుకున్నాడు. వరండాలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. వాచ్‌మన్ వచ్చి ఆత్మారాం రెక్క పట్టుకుంటే విదిలించుకున్నాడు. అప్పుడు చిన్న డాక్టరమ్మ వార్డులోంచి బయటికి వచ్చింది. ఆమె పాతికేళ్ల మనిషి. మెడలో గొట్టం, చేతిలో సగం తిన్న అరటిపండు.

"అన్నా, రేపు పొద్దున రండి. నేను సార్‌తోని మాట్లాడి పెడత. ఫైలు మీకు చూపిస్త."

"రేపెందుకు? ఇప్పుడు సూపియ్యుండ్రి."

ఆమె అతని మొహంలోకి కాసేపు చూసింది. "ఇప్పుడు మీరు వినే తీరుల లేరన్నా," అంది.

ఆ సాయంత్రం దాకా దవాఖానలో ఉంటే ఏం చేసేవాడో అతనికే తెలియదు. నిరోషే అతన్ని పంపించింది. "పో, ఆ చెరుకు సంగతి సూసి రా. ఈడ నేనున్న గద," అంది. ఎర్రన్నతో కలిసి బస్సెక్కాడు. దారి పొడుగునా మోకాలు ఆడిస్తూనే ఉన్నాడు.

పొలంలో రామ్‌దాస్ మనుషులు గట్టు మీద వరసగా కూర్చుని ఉన్నారు. ఆత్మారాం ఇంటి ముందు నిలిపి ఉన్న ట్రాక్టరు స్టార్టు చేసి పొలంలోకి తోలుకొచ్చాడు. సైలెన్సరు పీకేసిన బండి. ఆ చప్పుడుకు గట్ల మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఊరి పొలిమేర దాటకముందే ఆత్మారాం వస్తున్నాడని అందరికీ తెలిసేది ఆ చప్పుడుతోనే. అది అతనికి ఇష్టం కూడా.

ట్రాలీకి పలక ఆనించారు. ఆడవాళ్లు మోపులు నెత్తికెత్తుకుని, ఊగే పలక మీద అడుగులో అడుగు వేస్తూ ఎక్కి, పైన నిలబడ్డ వాళ్ల కాళ్ల దగ్గర పడేస్తున్నారు. ఆత్మారాం పైకెక్కి మోపులను మొదలూ కొసా మార్చి మార్చి పేర్చాడు. ఒక వైపు బరువెక్కితే మలుపులో ట్రాలీ ఒరుగుతుంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డప్పటి నుంచి చెరకు చాలా దూరం పోవలసి వస్తోంది. దారిలో ఎన్ని మలుపులో, గేటు దగ్గర ఎంత వరసో చెప్పలేం. చెరకాకు మెడ మీద గీరుకుపోయి మంట పుడుతోంది. ఎవరో ఒకామె మోపు జారవిడిచింది. "కండ్లు లేవా?" అని అరిచాడు. ఆమె వంగి మోపు ఎత్తుకుంది. అందరూ ఒక్కసారిగా వేగం పెంచారు.

ట్రాలీ చుట్టూ గొలుసు బిగిస్తుండగా నిరోష ఫోను చేసింది.

"పిల్ల మంచిగున్నది. నువ్వు పోయిన సంది ఒక్కపాలి గూడ నొప్పి రాలే. అన్నం తిన్నది. పక్క మంచం పిల్లతోని అష్టాచెమ్మ ఆడుతుంది."

"ఏం మందిచ్చిండ్రు?"

"ఏమియ్యలే."

"ఇయ్యకుంటె ఎట్ల తగ్గుతది? నువ్వు పక్కకు పోయినప్పుడు ఏదో సూదేసినట్టున్నరు. మనకు జెప్పకుండ చేస్తుండ్రు అన్నీ."

ఫోనులో వార్డు పిల్లల కేరింత, అందులో సింధూజ నవ్వు వినబడ్డాయి.

"అయ్యుండొచ్చు," అంది నిరోష.

లోడుతో వేరే డ్రైవరును పంపించి అతను ఇంటికి పోయి పడుకున్నాడు. నిద్ర పట్టలేదు. ఎర్రన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. కాయితం ఆళ్ల కాడ, పిలగాడు నా కాడ.

మరునాడు పొద్దున అతను వార్డులోకి వచ్చేసరికి సింధూజ మంచం మీద కాళ్లు వేలాడేసుకుని, నర్సు పుష్పలతకు ఏదో కథ చెబుతోంది. రెండు చేతులూ గాలిలో తిప్పుతూ, కళ్లు పెద్దవి చేస్తూ చెబుతోంది. ఆత్మారాంను చూడగానే చేతులు ఒళ్లోకి వచ్చేశాయి. కథ ఆగింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్న బాపు."

చిన్న డాక్టరమ్మ వచ్చి, మొగుడూ పెళ్లాలిద్దరినీ వార్డు చివర ఉన్న చిన్న గదికి పిలిచింది. ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఆనించిన ఆక్సిజన్ సిలిండరు. నీలం అట్ట ఫైలు బల్ల మీద ఉంది.

"ఇది చూడడం మీ హక్కే అన్నా. అడిగిన రోజే చూపించాల్సింది. సార్‌కు కూడా అదే చెప్పిన," అంది. "కాని నేను పక్కన కూర్చొని చదివి చెప్త. దీంట్ల పరీక్షల సంగతే కాదు, వేరేవి కూడా ఉన్నయ్. కొన్ని మీకు కష్టమనిపిస్తయ్."

"వద్దు మేడం," అంది నిరోష వెంటనే. "పిల్లకు తగ్గింది గద. మేం పోతం. ఆ కాయితాలు మాకెందుకు?"

"నువ్వూకో," అన్నాడు ఆత్మారాం. "ఒక్క ముక్క గూడ ఇడిసిపెట్టకుంట సదువుండ్రి మేడం. నేను అన్నింటికి తయారై వచ్చిన."

డాక్టరమ్మ ఫైలు తెరిచి ఇద్దరి మధ్యా పెట్టింది. వేలు ఆనిస్తూ ఒక్కో వరసా తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. రక్తం బాగుంది. మూత్రం బాగుంది. పేగులు, కాలేయం, కిడ్నీలు అన్నీ బాగున్నాయి. అపెండిక్స్ సంగతి ప్రత్యేకంగా చూశారు, అదీ బాగుంది. ప్రతి మాటకూ ఆత్మారాం తల ఊపుతున్నాడు గానీ అతని కళ్లు ముందుకు పరుగెడుతున్నాయి. దాచిందేదో వెనకాల ఉంటుంది. ఆమె చెబుతున్న కాగితం పూర్తి కాకముందే చెయ్యి చాచి రెండు కాగితాలు తిప్పేశాడు.

అంతా ఇంగ్లీషు. వాలుగా, గొలుసుగా, చీమలబారులా. ఆ బారు నడుమ ఒక్కచోట అతని చూపు ఆగింది. అక్కడ ఒక వరస తెలుగులో ఉంది. గుండ్రటి అక్షరాలు. కొటేషన్ల మధ్య ఉంది.

అతను పెదవులు కదుపుతూ చదివాడు.

"బాపు ట్రాక్టర్ సప్పుడు ఇనబడితే కడుపుల నొస్తది. బాపు ఒర్రుతడు."

మళ్లీ చదివాడు. గదిలో సిలిండరు మీది మీటరు ముల్లు వైపు చూశాడు. మళ్లీ కాగితం వైపు చూశాడు.

"ఇది ఎవలు రాసిండ్రు?"

"నేనే. వచ్చిన రోజు. నొప్పి ఎప్పుడొస్తదమ్మా అని అడిగిన. పాప ఏం చెప్పిందో అదే రాసిన. ఇంగ్లీషుల రాస్తే ఆ మాట మారిపోతదనిపించింది."

"దాని కింద ఏముంది?"

డాక్టరమ్మ నిరోష వైపు చూసింది. నిరోష కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

"అన్నీ సదువుమన్న గద," అన్నాడు.

"తల్లిని అడిగినం. ఇంట్ల ఏ గొడవ లేదని చెప్పింది. చెప్తున్నంత సేపు తలుపు దిక్కు చూసుకుంట ఉంది. తండ్రి వస్తడేమోనన్నట్టు." డాక్టరమ్మ వేలు కింది వరసకు జరిపింది. "పాపకు లోపల జబ్బేం లేదు. నొప్పి మాత్రం అబద్ధం కాదు. భయపడితే కొంతమంది పిల్లలకు నిజంగనే కడుపుల మెలిపెడతది. తండ్రితోని మాట్లాడాలె. ఇది ఆఖరి వరస."

"మాట్లాడలేదు గద మరి! గ్యాస్ అన్నరు గద!"

"అన్నం. అది మా తప్పే. మీరు గొడవ చేస్తరని సార్ వద్దన్నడు. నాకూ ధైర్యం చాలలేదు."

ఆత్మారాం లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పోయి సిలిండరుకు తగిలి ఖంగుమంది. నిరోష కళ్లు మూసుకుంది.

"నేను దాని మీద ఒక్కనాడు చెయ్యెత్తలే," అన్నాడు. "అడుగుండ్రి దాన్ని. చిటికెన వేలు గూడ తాకియ్యలే."

"కొట్టిండ్రని ఎక్కడా రాయలేదన్నా."

"ఒర్రుడు ఎవలు ఒర్రరు? పని అసొంటిది. అది కొట్టెయ్యుండ్రి. చిన్నపిల్ల ఏదో అంటె రాసి పెట్టుకుంటరా?"

"రాసింది కొట్టెయ్యరాదు. కాని మీ మాట కూడా కింద రాస్త. మీరేం చెప్తే అది."

అతను నిరోష వైపు తిరిగాడు. "నువ్వన్న జెప్పొచ్చు గద నాకు. ఇన్ని దినాలల్ల ఒక్కపాలి."

నిరోష కళ్లు తెరిచింది. "ఎప్పుడు జెప్పాలె?" అంది. ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. "నువ్వు ఒర్రేటప్పుడా? ఒర్రి అన్నం తిని పండుకున్నంకనా? మళ్ల లేపి జెప్పాల్నా?"

చెబుతూ చెబుతూ ఆమె చూపు తలుపు వైపు పోయింది. అలవాటుగా పోయింది. అతను ఎదురుగానే ఉన్నాడు, తలుపు అవతల ఎవరూ లేరు. ఆత్మారాం ఆ చూపును చూశాడు.

గదిలోంచి బయటపడ్డాడు. వార్డు మొదట్లో కాసేపు నిలబడ్డాడు. వచ్చేపోయే వాళ్లు అతన్ని తప్పుకుని పోతున్నారు. ఆఖరికి సింధూజ మంచం దగ్గరికి వచ్చాడు. పిల్ల అంతకుముందే చిన్న గది వైపు చూసింది. అద్దం తలుపులోంచి బల్ల మీది నీలం అట్ట ఆమెకు కనబడింది. డాక్టరమ్మ ఆ రోజు తన మాటలు అందులోనే రాసుకుందని ఆమెకు తెలుసు.

"బాపు," అంది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "నేను ఊకెనే అన్న బాపు. డాక్టరమ్మ అడిగితె ఊకెనే అన్న. ట్రాక్టర్ సప్పుడు మంచిగనే ఉంటది. నాకు నొప్పి గూడ లేదు. అప్పుడు గూడ లేదు. ఒట్టు."

ఒట్టు అంటూ తన నెత్తి మీద తానే చెయ్యి పెట్టుకుంది. రెండో చెయ్యి పొట్ట మీద అదుముకుని ఉంది.

నిన్న ఆత్మారాం నోట రామ్‌దాస్ మీద, పెద్ద డాక్టరు మీద, మోపు జారవిడిచిన మనిషి మీద ధారగా వచ్చిన మాటల్లో ఇప్పుడు ఒక్కటీ పనికొచ్చేది లేదు. పిల్ల నెత్తి మీది చేతిని పట్టుకుని కిందికి దించాడు. అతని వేళ్లు తగలగానే పిల్ల ఊపిరి బిగబట్టింది. అది కూడా అతనికి తెలిసింది. ఇన్నాళ్లూ తెలియనిది ఇప్పుడు తెలుస్తోంది.

వెనక్కి నడిచి చిన్న గదిలోకి వెళ్లాడు. డాక్టరమ్మ, నిరోష ఉన్నచోటనే ఉన్నారు.

"కొట్టెయ్యకుండ్రి," అన్నాడు. "గట్లనే ఉండనియ్యుండ్రి."

"మీరేమన్న రాయమంటరా?"

"పెన్నియ్యుండ్రి."

డాక్టరమ్మ జేబులోంచి పెన్ను తీసి ఇచ్చింది. అతను కుర్చీలో కూర్చోలేదు. బల్ల మీదికి వంగి, చెరకాకు కోతలు పడ్డ చేత్తో పెన్ను గట్టిగా పట్టుకుని, ఆఖరి ఇంగ్లీషు వరస కింద రాశాడు. చాలా రోజులైంది అతను సంతకం తప్ప ఇంకేదైనా రాసి. నిజమే, అని రాసి కింద ఆత్మారాం అని పెట్టాడు. నిరోష అది చదివి ముక్కు తుడుచుకుంది. అతని వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి పంపించేశారు. మందులేమీ రాయలేదు. పదిహేను రోజులకు మళ్లీ వచ్చి కనబడమని, ఈసారి తల్లీ తండ్రీ ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడతానని డాక్టరమ్మ చెప్పింది. ఫైలు కాగితాల నకళ్లు ఒక కవరులో పెట్టి ఇచ్చింది. నిరోష దాన్ని బట్టల సంచీలో అన్నింటికన్నా అడుగున పెట్టింది.

సింధూజ చెప్పులు తొడుక్కుంటూ, తల్లిని అడిగినట్టుగా, కానీ తండ్రికి వినబడేలా అడిగింది. "ఎట్ల పోతం మనం ఇంటికి? ట్రాక్టర్ అచ్చిందా?"

"రాలే. బస్సుల పోదం బిడ్డా!" అన్నాడు ఆత్మారాం.

అతను ఎప్పుడూ మాట్లాడే గొంతే అది. వార్డులో నాలుగు తలలు ఇటు తిరిగాయి. పిల్ల కనురెప్పలు టపటపమన్నాయి. చెప్పు తొడుగుతున్న కాలు అలాగే ఆగిపోయింది.

అతను మంచం దాకా వచ్చి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆగిన కాలికి చెప్పు తొడిగాడు. అదే మాట మళ్లీ అన్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు. అలవాటు లేని పని కనుక సగం మాట గొంతులోనే ఉండిపోయింది.

"ఏంది బాపు?" అంది సింధూజ. వినబడక, కొంచెం ముందుకు వంగింది.